యూనిఫాం లేని బడికి యూనిఫాం

మా పక్క దుకాణం టేపక్కకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధి వీధంతా టేపక్క అనే పిలుస్తుంది. పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా ఆ టేపు మెడలోనే. ఒకసారి తెలిసినవాళ్ళ ఇంట్లో ఎవరో పోతే పరామర్శకు వెళ్ళింది. ఏడుస్తున్న పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసి, మనసు కుదుటపడే నాలుగు మాటలు చెప్పి, బయటికి వచ్చాక నాతో, "పాపం, భుజాలు బాగా జారిపోయాయి తమ్ముడూ, ఇక జాకెట్లన్నీ వదులైపోతాయి" అంది. దయ లేక కాదు. ఆమెకు లోకం అలాగే కనబడుతుంది.

ఆమె కుట్టేది బడిపిల్లల యూనిఫాంలు మాత్రమే. ఊళ్ళో ప్రైవేటు బడి అన్నది ఏదైనా సరే, దాని యూనిఫాం టేపక్క మిషను కిందే పుడుతుంది. నాది బట్టల దుకాణం. రెండు దుకాణాలకూ మధ్య గోడ భుజం ఎత్తు వరకే ఉంది. అవతల నుంచి "తమ్ముడూ, నీలం ఇంకో తాను" అని కేక వినబడితే నేను ఇవతల నుంచి గోడ మీదుగా అందిస్తాను. మా ఇద్దరి వ్యాపారం, సగం పోట్లాటలు ఆ గోడ మీదే నడుస్తాయి. ఏ గౌను కుట్టినా ఆమె అంచు లోపల బోలెడు బట్ట మడిచి ఉంచుతుంది. బట్ట దండగ కదా అని ఎవరైనా అంటే, "పిల్లలు పెరగడానికేగా బడికి పోతున్నారు, గౌను ఎందుకు పెరగకూడదు" అంటుంది.

మా వీధి చివర ప్రభుత్వం ప్రయోగంగా నడిపే బడి ఒకటి ఉంది. అందులో యూనిఫాం లేదు. ర్యాంకులు లేవు. ఆరేళ్ళ పిల్లా తొమ్మిదేళ్ళ పిల్లాడూ ఒకే గదిలో కూర్చుంటారు, అది కూడా కూర్చోవాలనిపిస్తేనే. టీచర్లను అక్కా, అన్నా అని పిలుస్తారు. హెడ్మిస్ట్రెస్ అందరికీ పెద్దక్క. ఇంటి గౌన్లు, అన్నలు వదిలేసిన చొక్కాలు, ఎవరికి ఏది తోస్తే అది వేసుకుని వెళ్తారు. ఒకడైతే ఎండ మండిపోతున్న రోజు కూడా వానకోటు వేసుకుని వెళ్ళేవాడు. యూనిఫాంలు కుట్టి బతికే మనిషికి అలాంటి బడి ఎలా కనబడుతుందో మీరే ఊహించుకోండి. "నా పొట్ట కొట్టడానికే పుట్టింది ఆ బడి" అనేది టేపక్క. తానులు అమ్ముకునే నాకూ దాని మీద పెద్ద ప్రేమ ఏమీ లేదు.

విచిత్రం ఏమిటంటే, ఊరి అవతలి చివర నుంచి డాక్టర్లు, కాలేజీ లెక్చరర్లు, వయొలిన్ వాయించే ఆయన ఒకాయన, ఇలాంటి వాళ్ళంతా పనిగట్టుకుని పిల్లల్ని కార్లలో తెచ్చి అక్కడ దింపేవారు. బడి గోడకు ఆనుకునే ఉన్న వెనక సందు నుంచి మాత్రం ఒక్క పిల్లా వచ్చేది కాదు. సందులో ఉండేది లాండ్రీ పనివాళ్ళు, గోదాముల్లో మూటలు మోసేవాళ్ళు, ఆస్పత్రి గదులు తుడిచేవాళ్ళు. సగం సీట్లు ముందు చుట్టుపక్కల పిల్లలకే ఇవ్వాలని నియమం. వాళ్ళు రారు, కొన్ని సీట్లు కార్ల వాళ్ళకు పోతాయి, కొన్ని ఖాళీగా ఉండిపోతాయి. అన్ని రకాల ఇళ్ళ పిల్లలూ కలిసి పెరగాలని బడి నడుపుకుంటుంటే ఒకే రకం ఇళ్ళ పిల్లలు వస్తున్నారని పెద్దక్క దిగులు. సందు వాళ్ళేమో కడుపు కట్టుకుని మరీ పిల్లల్ని టై కట్టే బడులకు పంపేవారు. "ఆడుకోవడానికి మా సందు చాలదా, దానికి మళ్ళీ బడెందుకు" అనేవారు.

టేపక్క ఇల్లు ఆ సందులోనే. కొడుకు లారీ మీద తిరుగుతాడు, వచ్చినప్పుడే వచ్చినట్టు. కోడలు పెద్దాస్పత్రిలో గదులు శుభ్రం చేస్తుంది. మనవరాలిని అందరూ వసపిట్ట అంటారు. మాటలు నేర్చిన రోజు నుంచి ఆ పిల్ల నోరు మూస్తే ఒట్టు. నా దుకాణంలోకి వచ్చి ఏ తానుకు ఏ తాను చుట్టమో, ఎవరికి ఎవరితో మాటల్లేవో చెప్పేది. ఎర్ర తానుకూ పసుపు తానుకూ పెళ్ళి కుదిర్చి, నన్ను పెళ్ళికూతురు తండ్రిగా కూర్చోబెట్టి, నేను సరిగ్గా ఏడవడం లేదని కోప్పడింది. నన్ను 'తానుల తాతా' అని పిలిచేది. నా జుట్టు ఇంకా పూర్తిగా నెరవలేదే అంటే, "నెరిసినంత వరకే తాతవి" అనేది.

కోడలు పట్టుబట్టి వసపిట్టను ఊళ్ళోకెల్లా గట్టి పేరున్న ప్రైవేటు బడిలో వేసింది. టై, బెల్టు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. ఆ యూనిఫాం టేపక్క ప్రాణం పెట్టి కుట్టింది. మొదటి రోజు ఆ పిల్ల సందులో నడిచి వెళ్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. కోడలి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ బడిలో మాట్లాడితే బెంచీ ఎక్కిస్తారు. వసపిట్ట రోజంతా బెంచీ మీదే ఉండేదట. కొన్నాళ్ళకు దిగింది. దిగిన పిల్ల మాట్లాడటం మానేసింది. బడిలోనే కాదు, ఇంట్లోనూ. నా దుకాణంలోకి వచ్చి తానుల మధ్య కూర్చుని వేళ్ళు చూసుకునేది. "ఎర్ర తాను కాపురం ఎలా ఉందే" అని అడిగితే భుజాలు ఎగరేసేది. పిల్ల ఎంత బుద్ధిమంతురాలైందో అని సందంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. వసపిట్టా అని పిలవడానికి నోరు రాక మేమంతా 'పాపా' అనడం మొదలుపెట్టాం. అంతకంటే సిగ్గుమాలిన పనులు నేను చేసినవి చాలా తక్కువ.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దక్క తన బడి కిటికీలకు కర్టెన్లు కావాలని కబురు పెట్టింది. బట్ట నాది కాబట్టి టేపక్క నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. శత్రువు ఇంటికి వెళ్తున్నట్టే వెళ్ళింది, గేటు దగ్గరే మూతి ముడుచుకుని. లోపల ఒక పిల్లాడు నేల మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు నీళ్ళ తొట్టిలో ఏవేవో వేసి, ఏది మునుగుతుందో ఏది తేలుతుందో పందెం కాస్తున్నారు. వానకోటు వాడు లేచి, "అక్కా, నువ్వు చెప్పింది తప్పు" అన్నాడు టీచరుతో. వాడి వీపు మీద పడబోయే దెబ్బ కోసం నేను చూశాను. ఆవిడ "ఎక్కడ తప్పో చూపించు" అంటూ వాడి పక్కన కింద కూర్చుంది. టేపక్క కొలిచిన కిటికీనే మళ్ళీ కొలుస్తోంది.

బయటికి వచ్చాక, "తమ్ముడూ, ఇది మన పిల్లకి సరిపోతుంది" అంది. చొక్కా గురించి అన్నట్టే అంది.

కోడల్ని ఒప్పించడం మాత్రం మాటలతో అయ్యే పని కాలేదు. ఆస్పత్రి నుంచి వస్తూ ఆమె రోజూ దుకాణం దగ్గర ఆగి అత్తగారిని తీసుకుని ఇంటికి వెళ్తుంది. ఆ కాసేపూ నా గోడ అవతల ఇదే గొడవ.

"అది బడేనా అత్తయ్యా? పిల్లలంతా ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంటారు."

"మరి ఆ డాక్టర్లకేమన్నా పిచ్చా, అంత దూరం నుంచి తెచ్చి దింపుతున్నారు?"

"వాళ్ళ పిల్లలు చదవకపోయినా డాక్టర్ల పిల్లలే. మన పిల్ల చదవకపోతే ఏమవుతుంది? నా బకెట్టు అందుకుంటుంది."

టేపక్క మళ్ళీ మిషను మీదికి వంగింది.  స్వేచ్ఛగా పెరగనివ్వడం కూడా కాస్త వెనక దన్ను ఉన్నవాళ్ళకే సులువు. ఆ సంగతి బడి మీటింగుల్లో ఎవరూ చెప్పరు గానీ, బకెట్టు మోసే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరికి పిల్ల మొహం చూసి చూసి కోడలే మెత్తబడింది. "ఏడాది చివరి సెలవుల దాకా చూస్తాను. పనికిరాదనిపిస్తే మళ్ళీ పాత బడికే పంపిస్తా. అప్పుడు మీరు అడ్డు రాకూడదు" అంది. టేపక్క సరేనంది. "కన్నతల్లి అది. అడ్డు రావడానికి నేనెవర్ని తమ్ముడూ" అంది తర్వాత నాతో. ప్రతిదానికీ అడ్డు వచ్చే మనిషి నోట ఆ మాట విని నేను కత్తెర పక్కన పెట్టేశాను.

కొత్త బడిలో వసపిట్ట కొన్నాళ్ళు గోడకు ఆనుకుని నిలబడిందట. ఎవరూ ఏమీ అనలేదట. తర్వాత నెమ్మదిగా నీళ్ళ తొట్టి దగ్గరికి చేరింది. ఒక సాయంత్రం నా దుకాణంలోకి వచ్చి నిలబడి, "తానుల తాతా, నీ కత్తెర మునుగుతుంది, నీ గజం కర్ర తేలుతుంది. నువ్వు మునుగుతావా తేలుతావా?" అని అడిగింది. నేను గోడ అవతలికి కేకేశాను. టేపక్క మిషను ఆపి పరుగున వచ్చింది. ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల మా ఇద్దర్నీ పట్టించుకోకుండా సబ్బు, బొత్తాం, చెప్పు, ఉల్లిపాయ, ఏది ఏమవుతుందో చెప్పుకుపోతోంది. నేను తేలతానని తీర్పు ఇచ్చి వెళ్ళింది.

కోడలికీ సంతోషమే. కానీ రోజూ పొద్దున్న పిల్ల చెయ్యి పట్టుకుని సందులో నడవాల్సింది ఆమే. ఇంటి గౌనులో ఉన్న పిల్లను చూసి ఒక గుమ్మంలోంచి "ఈరోజు సెలవా?" అంటారు. ఇంకో గుమ్మంలోంచి "ఒంట్లో బాలేదా పాపకి?" అంటారు. ఒకావిడ మరీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఫీజు కట్టలేక మాన్పించారా అమ్మా?" అంది. అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

"నా వల్ల కాదు అత్తయ్యా. పిల్ల మాట్లాడుతోంది, కాదనను. కానీ బడికి వెళ్తున్నట్టు లేదు. సెలవులు రానివ్వండి, పాత బడికే పంపేద్దాం."

ఇంకొకరైతే కోడలికి నచ్చజెప్పేవారు, లేదా ఆ గుమ్మాల వాళ్ళతో తగువు పెట్టుకునేవారు. టేపక్కకు తెలిసిన మందు ఒక్కటే. ఆ సాయంత్రం గోడ మీద మోచేతులు ఆనించి, "ఆ బడి యూనిఫాం ఎలా ఉంటే బాగుంటుంది తమ్ముడూ?" అంది.

"ఆ బడికి యూనిఫాం లేదు కదక్కా."

"లేదు కాబట్టే అడుగుతున్నా."

నేను బుద్ధి లేకుండా ఉత్సాహపడ్డాను. ఆవాల రంగు, అదే ముదురు పసుపు, చొక్కా నా ఆలోచనే. ముదురాకుపచ్చ గౌను ఆమెది. రాళ్ళూ గవ్వలూ పట్టేంత పెద్ద జేబు, జేబు మీద దారంతో కుట్టిన చిన్న పడవ. ఊళ్ళో ఏ బడికీ పడవ గుర్తు లేదు, ఆమెకు అన్నీ కంఠతా వచ్చు. కాలరు మాత్రం పాత బడి కాలరు కంటే ఒక వేలు ఎత్తు ఎక్కువ పెట్టింది, అది పంతం. కోడలు చూసి అడిగితే, "కావాలనుకున్నవాళ్ళు వేసుకోవచ్చటమ్మా" అంది. అబద్ధమేమీ కాదు. ఆ బడిలో వానకోటు కూడా వేసుకోవచ్చు.

మర్నాడు పొద్దున్న సందులో ఎవరూ సెలవా అని అడగలేదు. "ఏ బడమ్మా ఇది, ఇంత బాగుంది?" అని అడిగారు. సాయంత్రానికి లాండ్రీలో పనిచేసే ఆవిడ వాళ్ళబ్బాయిని చెవి పట్టుకుని దుకాణానికి తెచ్చింది, ఆ పడవ బడి యూనిఫాం వాడికీ కావాలని. టేపక్క నిక్కచ్చి మనిషి. "ముందు బడిలో చేర్చి రా, అప్పుడే కొలతలు తీసేది" అంది. ఆవిడ వెళ్ళి చేర్చింది. తర్వాత మూటలు మోసే ఆయన. తర్వాత ఆయన బావమరిది. పెద్దక్క ఎన్ని కరపత్రాలు పంచినా కదలని సందు, జేబు మీది పడవకు కదిలింది. ఖాళీగా ఉన్న సీట్లన్నీ నిండాయి. ఆవాల రంగు తానులు అయిపోయి మళ్ళీ తెప్పించాను. విద్య మీద నాకు అంత గౌరవం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

పెద్దక్క ఒకరోజు దుకాణానికి వచ్చింది. "మా బడికి యూనిఫాం కుట్టారటగా?" అంది.

"తప్పా?" అంది టేపక్క, మిషను ఆపకుండానే.

"తప్పని నేనెలా అంటాను? నచ్చింది వేసుకోవచ్చని చెప్పిందే మేము. నచ్చింది యూనిఫాం అయితే ఏం చెయ్యాలో ఎవరం ఆలోచించలేదు."

తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది. స్వేచ్ఛ అంటే ఏమిటో సాయంత్రం అంతా మాట్లాడుకున్నారు. బలవంతంగా తీయిస్తే అది స్వేచ్ఛ కాదని వయొలిన్ ఆయన అన్నాడు. యూనిఫాం లేదనే ఈ బడికి వచ్చాం, ఇప్పుడిదేమిటని ఒక డాక్టరమ్మ అంది. బిస్కెట్లు అయిపోయాక అందరూ లేచారు. సందు నుంచి పిల్లలు వస్తున్నారన్న ఆనందంలో పెద్దక్క ఆ సంగతి అంతటితో వదిలేసింది. ఆమెను నేను తప్పు పట్టను. అందరం ఎవరి ఆనందంలో వాళ్ళం ఉన్నాం. అందుకే కళ్ళ ముందున్నది కనబడలేదు. ఆ బడిలో యూనిఫాం వేసుకునేది సందు పిల్లలు మాత్రమే.

సెలవుల ముందు, బడి చూసే రోజు వచ్చింది. వచ్చే ఏడాదికి పిల్లల్ని ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తున్నవాళ్ళు వచ్చి, గదులన్నీ తిరిగి చూసి, నచ్చితే ఎంచుకుంటారు. ఇప్పటికే అక్కడ చదువుతున్న పిల్లల ఇళ్ళవాళ్ళనూ పిలుస్తారు. కోడలు సగం పూట సెలవు పెట్టి వచ్చింది. పిల్లను ఉంచాలో పాత బడికి పంపాలో ఆమె తేల్చుకోవాల్సిన రోజు కూడా అదే. టేపక్కకు పొద్దున్నుంచీ కాలు నిలవలేదు, నన్నూ వెంటబెట్టుకుని వచ్చింది. "ఇవాళ పిల్ల బాగా మాట్లాడాలి తమ్ముడూ" అని నా చెవిలో అంది. నాకు నవ్వొచ్చింది. వసపిట్ట అప్పటికే నీళ్ళ తొట్టి చుట్టూ జనాన్ని పోగేసి, ఒక పెద్దమనిషి కళ్ళజోడు మునుగుతుందా తేలుతుందా అని ఆయన్నే అడుగుతోంది.

కోడలు వెనక నిలబడి వింటోంది. పెదవులు బిగుసుకుని ఉన్నాయి గానీ కళ్ళు నవ్వుతున్నాయి. పని అయినట్టే అనుకున్నాను.

కుర్చీలు చాలలేదు. కొత్తగా చూడటానికి వచ్చిన ఒకావిడ, మంచి ముఖం, మంచి మాట, వసపిట్ట తల నిమిరి, "పాపా, ఇంకో రెండు కుర్చీలు పట్టుకొస్తావా అమ్మా?" అంది. వసపిట్ట పరిగెత్తింది. పడవ జేబుల పిల్లలంతా దాని వెనకే పరిగెత్తారు. వానకోటు వాడూ, మిగతావాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆవాల రంగు చొక్కాలు వరుసగా కుర్చీలు మోసుకుంటూ వస్తుంటే, ఆవిడ పెద్దక్క వైపు తిరిగి మనస్ఫూర్తిగా, "ఇలాంటి పిల్లల్ని కూడా మీ పిల్లలతో కలిపి కూర్చోబెట్టడం ఎంతో మంచి పనండీ. ఏ అనాథాశ్రమం నుంచి వస్తారు వీళ్ళు?" అంది.

పెద్దక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అందరూ మా పిల్లలేనండీ" అంది.

వసపిట్ట కుర్చీ ఈడ్చుకొస్తూనే అందుకుంది. "ఆశ్రమం కాదండీ, ఇది మా నానమ్మ కుట్టింది. కావాలంటే మీకూ కుడుతుంది. కానీ మీరు ముందు బడిలో చేరాలి."

గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. తన పొరపాటు తెలిసి ఎర్రబడి, పిల్లకు క్షమాపణ కూడా చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఉన్నది చూసింది, చూసిందే అంది. అలా కనబడేట్టు ముస్తాబు చేసి పెట్టింది మేము. ఆ రంగు ఎంచింది నేను. నేలలో కూరుకుపోవాలనిపించింది. పక్కకు చూస్తే కోడలు ఆ కుర్చీలనే చూస్తోంది. టేపక్క మెడలోంచి టేపు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

సాయంత్రం కోడలు దుకాణానికి వచ్చింది. మడత పెట్టిన ఆవాల రంగు చొక్కా మిషను బల్ల మీద పెట్టింది.

"దీని కుట్లు విప్పెయ్యండి అత్తయ్యా."

టేపక్క చొక్కాను దగ్గరికి లాక్కుంది. "సరే అమ్మాయ్" అంది. "అడ్డు రానన్నాను, రాను. పాత బడి గౌను పెట్టెలోనే ఉంది. అంచు వదిలితే ఈ ఏడాదికి సరిపోతుంది." కుట్లు విప్పడానికి కత్తెర అందుకుంది. 

"అదీ వద్దు" అంది కోడలు.

"మరి?"

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆస్పత్రిలో మాకు నీలం కోటు ఇస్తారు కదా. అది వేసుకుంటే ఇంక నా ముఖం ఎవరూ చూడరు. కోటు కనబడగానే ఇది తుడువు, అది తియ్యి అంటారు. తిట్టరు అత్తయ్యా, మర్యాదగానే అంటారు. ఇవాళ ఆవిడా మర్యాదగానే అంది." స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "మన పిల్లకి గౌరవం వస్తుందని వేయించాను. సందులో ఎలా ఉంటుందో చూసుకున్నాను గానీ, బడిలో ఎలా ఉంటుందో చూసుకోలేదు."

"తప్పు నాదమ్మా. ఆ బడికి అసలు యూనిఫామే లేదు. నేనే..."

"నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచి. ఆ పడవ మీ చేతి కుట్టని నాకు తెలీదా? నా కోసమే కుట్టారని కూడా తెలుసు. అందుకే నోరు మూసుకుని వేయించాను."

 నేను తానులు సర్దుతున్నట్టు నటిస్తున్నాను, ఒకే తానును మళ్ళీ మళ్ళీ.

"దాన్ని ఆ బడిలోనే ఉంచుతాను అత్తయ్యా" అంది కోడలు. "అక్కడే నోరు తెరిచింది. అంతమందిలో నిలబడి మాట్లాడుతుంటే, అది మా పిల్లేనండీ అని పక్కావిడకి చెప్పుకున్నాను. రేపటి నుంచి దానికి నచ్చిన గౌను వేసుకుని వెళ్తుంది. సందులో ఎవరేమడిగినా నేను చెప్పుకుంటాను."

టేపక్క చటుక్కున లేచింది. "అయితే ఇప్పుడే ఇంటింటికీ వెళ్ళి మిగతావి కూడా తెచ్చేస్తాను."

"కూర్చోండి. చూసింది చెప్పండి. తీసెయ్యమని మాత్రం చెప్పకండి. వాళ్ళ పిల్లల సంగతి వాళ్ళు తేల్చుకుంటారు."

టేపక్క కూర్చుంది. చెబితే కూర్చునే రకం కాదు ఆమె. అయినా కూర్చుంది.

తర్వాత అంతా సవ్యంగా సర్దుకుందని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. లాండ్రీ ఆవిడ విషయం విని ఆ పూటే కుట్లు విప్పించింది. మూటలు మోసే ఆయన ససేమిరా అన్నాడు. తన కొడుకు ఆ చొక్కాలో రాజకుమారుడిలా ఉంటాడట, ఎవరేమనుకుంటే తనకేమిటట. ఆయన బావమరిది, యూనిఫాం లేకపోతే అది బడే కాదని పిల్లను టై కట్టే బడికి మార్చేశాడు. పెద్దక్క వాళ్ళింటికి వెళ్ళి బతిమాలింది. ఆయన వినలేదు, ఆయన పిల్ల, ఆయన ఇష్టం. బడిలో మాత్రం ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోవాలని పెద్దక్క గట్టిగా చెప్పేసింది, చూడటానికి వచ్చే పెద్దమనుషులతో సహా.

పడవ జేబుకు వేరే దశ పట్టింది. వానకోటు వాడు దుకాణానికి వచ్చి తన కోటుకు అలాంటి జేబు కావాలన్నాడు. టేపక్క కుట్టి ఇచ్చింది. వాడిని చూసి డాక్టరమ్మ కూతురు, దాన్ని చూసి వయొలిన్ ఆయన కవలలు. ఎవరి బట్ట మీద వాళ్ళకు జేబు కుట్టి పంపేది టేపక్క, రాళ్ళు వేసుకోవడానికి. నా దగ్గర మాత్రం ఆవాల రంగు తానులు అటక నిండా మిగిలాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ధర చూసి ఇస్తాను.

మరుసటి ఏడాది బడి చూసే రోజున, వచ్చినవాళ్ళను గదులన్నీ తిప్పి చూపించే పని పెద్దక్క కోడలికి అప్పగించింది. ఆస్పత్రి పని ముగించుకుని అటునుంచి అటే వచ్చింది. నేనూ టేపక్కా ఒక మూల నిలబడి చూస్తున్నాం. ఎవరి కుర్చీ వాళ్ళం మోసుకొచ్చి అలసిపోయి ఉన్నాం కూడా. గోదాములో పనిచేసే ఒక కుర్ర జంట, పాప చెయ్యి పట్టుకుని, గోడల వెంట భయంభయంగా నడుస్తోంది. వసపిట్ట వాళ్ళ ముందు వెనక్కి నడుస్తూ ఏకధాటిగా ఏదో చెబుతోంది.

ఆ కుర్రాడు కోడలిని పక్కకు పిలిచి అడిగాడు. "నిజం చెప్పండక్కా. ఇక్కడ చదువొస్తుందా? మీ పాపని ఎవరైనా చెబితే వేశారా?"

"ఎవరూ చెప్పలేదు" అంది కోడలు. "అన్నీ చూసుకుని నేనే ఎంచుకున్నాను."

నేను టేపక్క వైపు చూశాను. ఆమె నోరు తెరిచింది. కర్టెన్లు, కిటికీలు, కోడలితో పడ్డ గొడవలు, అన్నీ ఆ నోట్లోకి వచ్చి నిలబడటం నాకు కనబడింది. తనకు రావాల్సిన మాట ఒక్కటి కూడా ఎవరికీ వదిలిపెట్టే మనిషి కాదు ఆమె. గోడ మీద నాతో ఎన్ని పోట్లాడిందో నాకు తెలుసు.

"అవును బాబూ" అంది ఆ కుర్రాడితో. "మా కోడలే ఎంచుకుంది."

నేనూ కాదనలేదు. టేపక్కకు ఆ బడి నచ్చింది అక్కడి పిల్లలు ఆడుతుండగా చూసి. కోడలు ఎంచుకున్నది తన పిల్ల అక్కడ కుర్చీ మోస్తుండగా కూడా చూశాక.